రీఫ్ ట్యాంకుకి నీళ్ళు: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ ఆగొచ్చు

మీరు హైదరాబాద్‌లో ఉంటున్నారు. బోరు నీళ్ళ టీడీఎస్ (లీటరులో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 850. ఇంట్లో తాగడానికి పెట్టుకున్న ఆర్వో నీళ్ళు 90 చూపిస్తున్నాయి. రీఫ్ కోసం, అంటే ఉప్పునీళ్ళలో పగడాలు పెంచడానికి, 120 లీటర్ల ట్యాంకు కొన్నారు, మెత్తటి పగడాలతో మొదలుపెడదామనుకుంటున్నారు. అక్వేరియం కోసమని అమ్మే ఆర్వో-డీఐ యూనిట్ (ఆర్వో దాటాక మిగిలిన లవణాల్ని కూడా తీసేసేది) ధర చూసి ఆగిపోయి మూడు మాటలు అడిగారు: తాగే ఆర్వో నీళ్ళు సరిపోవా, వైజాగ్ నుంచి సముద్రపు నీళ్ళు క్యాన్లలో తెప్పించుకుంటే చవకా, సముద్రపు ఉప్పే కదా, కళ్ళుప్పు కలుపుకుంటే పోదా?

ముందు జవాబు చెప్పేస్తాను. తాగే ఆర్వో నీళ్ళు ఉన్నవి ఉన్నట్టు వద్దు. అయితే ఆ మిషన్‌నే వాడుకోవచ్చు, కొత్త యూనిట్ కొనక్కర్లేదు. సముద్రపు నీళ్ళు హైదరాబాద్‌కి గిట్టుబాటు కావు. కళ్ళుప్పు ఆలోచన పూర్తిగా మానేయండి. నేను నాలుగేళ్ళు వైజాగ్‌లో సముద్రపు నీళ్ళతో, ఆ తర్వాత ఏడేళ్ళుగా హైదరాబాద్‌లో శుద్ధి చేసిన నీళ్ళతో రీఫ్ పెంచుతున్నాను. రెండు దారులూ నడిచి చూశాక అర్థమైంది ఒకటే. నీళ్ళలో లేనిదాన్ని తర్వాతైనా కలుపుకోవచ్చు, ఉన్నదాన్ని తర్వాత తీయలేం. అందుకని డబ్బు తీసే పని మీద పెట్టాలి, కలిపే పని మీద పొదుపు చేసుకోవచ్చు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఖరీదైన ఉప్పు డబ్బా తెచ్చి కుళాయి నీళ్ళలో కలుపుతారు.

90 టీడీఎస్ చిన్న అంకెలాగే కనిపిస్తుంది, మనం రోజూ తాగుతున్నాం కదా అనిపిస్తుంది. ట్యాంకు విషయంలో లెక్క వేరు. మీ ట్యాంకులో రోజుకి రెండు లీటర్లు ఆవిరవుతాయి, ఎండాకాలం ఫ్యాన్ పెడితే ఇంకా ఎక్కువే. ఆవిరిగా పోయేది నీరొక్కటే, అందులో కరిగి ఉన్నదంతా ట్యాంకులోనే ఉండిపోతుంది. ఆ లోటుని మీరు 90 టీడీఎస్ నీళ్ళతో నింపితే రోజుకి 180 మిల్లీగ్రాములు, ఏడాదికి 65 గ్రాములు, ఏమిటో తెలియని సరుకు ట్యాంకులో చేరుతుంది. వారం వారం నీళ్ళు మారుస్తే కొంత పోతుంది, కానీ మార్చే నీళ్ళు కూడా అవే కదా. పైగా ఆర్వో మెంబ్రేన్, అంటే మిషన్ లోపల లవణాల్ని ఆపే పొర, కాల్షియం, సల్ఫేట్ లాంటివాటిని గట్టిగా ఆపుతుంది గానీ నైట్రేట్‌ని అంత గట్టిగా ఆపదు. నగరాల్లో బోర్లలోకి మురుగు ఊరి నైట్రేట్ పెరగడం మనకి తెలిసిందే. అంటే మిగిలిన ఆ 90లో మనకి అక్కర్లేనివాటి వంతే ఎక్కువ. మూడో నెలలో రాళ్ళ మీద గోధుమరంగు పొర, ఆరో నెలలో జుట్టులాంటి నాచు వచ్చాక జనం లైటు మారుస్తారు, చేపలకి మేత తగ్గిస్తారు. తప్పు నీళ్ళలో ఉందని ఆఖర్న తెలుస్తుంది.

మీరిచ్చిన అంకెల్లో నాకు ఇంకో అనుమానం ఉంది. 850 నీళ్ళు మంచి మెంబ్రేన్ గుండా వెళ్తే 40 దగ్గరికి రావాలి. మీకు 90 ఉందంటే మెంబ్రేన్ పాతబడి ఉండాలి, లేదా మిషన్‌లో టీడీఎస్ కంట్రోలర్ తెరిచి ఉండాలి. మూత తీసి చూడండి. సన్నటి తెల్ల పైపుల మధ్య వేలెడంత ప్లాస్టిక్ ముక్క, దానికి తిప్పే చిన్న స్క్రూ ఉంటుంది. రుచి కోసం శుద్ధి కాని నీళ్ళని కొంచెం శుద్ధి అయినవాటిలో కలపడమే దాని పని. మెంబ్రేన్ దాటాక మినరల్ కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది, అది తీసేసిన లవణాల్లో కొన్నిటిని మళ్ళీ కలుపుతుంది. తాగేవాళ్ళకి ఇవి అవసరమే, పగడాలకి కావు. మెంబ్రేన్ నుంచి మంచి నీళ్ళు బయటికొచ్చే పైపు దగ్గరే, ఇవేవీ తగలకముందే, ఒక టీ-జాయింటు వేయించి పక్కకి చిన్న కుళాయి పెట్టించుకోండి. ఆర్వో సర్వీసు చేసే కుర్రాడికి ఇది పది నిమిషాల పని. వంటింటి నీళ్ళు వంటింటికి పోతాయి, మీ నీళ్ళు మీకు వస్తాయి.

ఈ కుళాయి ఎందుకు పెట్టించుకోమంటున్నానో ఒక అనుభవం చెప్తాను. హైదరాబాద్ వచ్చిన రెండో ఏడు నేనూ తాగే ఆర్వో నీళ్ళే ట్యాంకులో పోసేవాణ్ణి. మా దగ్గర మంజీరా నీళ్ళు వచ్చేవి, ఆర్వో దాటాక మీటరు 18 చూపించేది. సరిపోతుందిలే అనుకున్నాను. ఒకసారి సర్వీసుకి వచ్చినతను ఆఫర్‌లో ఉందని రాగి కార్ట్రిడ్జ్ ఒకటి బిగించి వెళ్ళాడు, ఇంట్లో అందరూ సంతోషించారు. పది పన్నెండు రోజుల తర్వాత పొద్దున్నే చూస్తే గాజుకి అంటుకుని ఉండాల్సిన నత్తలు ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను. మామూలుగా ముట్టుకోగానే లోపలికి ముడుచుకునే ప్రాణి, మూత సగం తెరుచుకుని మెత్తగా వేలాడుతోంది. పగడాలు పూర్తిగా మూసుకున్నాయి. చేపలు మాత్రం బాగానే ఈదుతున్నాయి. చేపలకి ఏమీ కాక వెన్నెముక లేని జీవాలు మాత్రమే పడిపోతున్నాయంటే ముందుగా రాగినే అనుమానించాలని అప్పటికి నాకు తెలియదు. చేపల జబ్బుకి మందుగా వేసే రాగి మోతాదే లీటరుకి 0.2 మిల్లీగ్రాములు ఉంటుంది, నత్తల్ని, రొయ్యల్ని, పగడాల్ని చంపడానికి అది చాలు. టీడీఎస్ మీటరేమో 18 ఉన్నది 19 చూపించింది, అంతే. ఆ ట్యాంకు మళ్ళీ తేరుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇంట్లో రాగి బిందె ఉన్నా, ఇత్తడి కుళాయి ఉన్నా ట్యాంకు నీళ్ళు వాటిని తాకకుండా చూసుకోండి. ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా వద్దు. మీటరు పెడితే పదిలోపే చూపిస్తాయి గానీ అవి రాగి గొట్టాల చుట్ట మీంచి జారిన నీళ్ళే.

ఆర్వో తర్వాత మిగిలిన 40ని సున్నా చేయడానికి డీఐ రెసిన్ కావాలి, అంటే లవణాల్ని పట్టుకునే సన్నటి గింజలు. మీరు కొత్తగా ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదొక్కటే. బాలానగర్, జీడిమెట్ల వైపు నీటి శుద్ధి సామాను అమ్మే షాపుల్లో అడిగితే విడిగా దొరుకుతుంది. ‘మిక్స్‌డ్ బెడ్, హెచ్-ఓహెచ్ రూపం’ అని స్పష్టంగా అడగండి. ఊరికే రెసిన్ అంటే సాఫ్ట్‌నర్ రెసిన్ చేతిలో పెడతారు, చవకగా కూడా ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియాన్ని వదులుతుంది, టీడీఎస్ దాదాపు అలాగే ఉంటుంది. కొనేముందు ఒక పరీక్ష చేయొచ్చు. గ్లాసుడు ఆర్వో నీళ్ళు, మీటరు వెంట తీసుకెళ్ళండి. నీళ్ళలో రెండు మూడు చెంచాల రెసిన్ వేసి ఐదు నిమిషాలు కలిపి మీటరు ముంచండి. అంకె సున్నాకి, ఒకటికి పడిపోతే అది మనకి కావలసిన సరుకు. కదలకపోతే సాఫ్ట్‌నర్ రెసిన్. రంగు మారే రకం దొరికితే ఇంకా మంచిది, ఎంతవరకు అయిపోయిందో పైకే కనిపిస్తుంది. మిగిలిన రెసిన్‌ని తేమ ఆరిపోకుండా, గాలి తగలకుండా మూట కట్టి ఉంచండి.

రెసిన్ నింపుకునే రెడీమేడ్ డబ్బా కొనే స్తోమత లేనప్పుడు నేను రెండంగుళాల పీవీసీ పైపు రెండడుగుల ముక్క తీసుకుని నిలువుగా కట్టాను. అడుగున అక్వేరియం దూది, దాని మీద లీటరు పైచిలుకు రెసిన్, పైన మళ్ళీ దూది. అడుగు మూత నుంచి సన్న పైపు తీసి, రెసిన్ పై అంచు దాకా పైకి ఎక్కించి, అక్కణ్ణుంచి డ్రమ్ములోకి వంచాను. ఆ పైపు పైకెక్కించడం మర్చిపోకండి. లేకపోతే నీళ్ళన్నీ కిందికి జారిపోయి రెసిన్ ఎండుతుంది, తర్వాత నీళ్ళు ఒక పక్కనుంచి దారి చేసుకుని శుద్ధి కాకుండానే దిగిపోతాయి. అలమర మీద ఆర్వో నీళ్ళ బకెట్, కింద ఈ గొట్టం. గంటకి ఐదు లీటర్ల చొప్పున దిగేలా కుళాయి సన్నగా తెరిచి వదిలేస్తే రాత్రికి రాత్రి పనైపోతుంది, మోటారు అక్కర్లేదు. అప్పట్నుంచి మార్చింది రెసిన్, దూది మాత్రమే.

లీటరు మిక్స్‌డ్ బెడ్ రెసిన్ సుమారు 20, 25 గ్రాముల లవణాలు పట్టుకుని అలిసిపోతుంది. మీ బోరు నీళ్ళు నేరుగా పోస్తే పాతిక, ముప్ఫై లీటర్లకే అయిపోతుంది. అందుకే ఆర్వో లేకుండా రెసిన్ ఒక్కటే పెట్టుకోవడం దండగ. 40 టీడీఎస్ నీళ్ళైతే 500 లీటర్లకి అటూ ఇటూగా వస్తుంది. మీకు వారానికి 12 లీటర్లు మార్చడానికి, రోజుకి రెండు లీటర్లు ఆవిరి పూడ్చడానికి కలిపి నెలకి 110 లీటర్లు కావాలి. అంటే లీటరు రెసిన్ నాలుగైదు నెలలు రావాలి.

బోరు నీళ్ళలో ఒక చిక్కుంది, అది ఈ లెక్కని తినేస్తుంది. భూమిలోంచి వచ్చే నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది. అది వాయువు కాబట్టి మెంబ్రేన్‌ని సులువుగా దాటేస్తుంది, మీటరుకి సరిగా కనపడదు, రెసిన్‌లో సగాన్ని మాత్రం ఉత్త పుణ్యానికి ఖర్చు చేసేస్తుంది. ఆర్వో నీళ్ళని బకెట్‌లో పట్టి, అందులో గాలి రాయి వేసి, రాత్రంతా బుడగలు వదిలాక రెసిన్‌లోకి పంపండి. వాయువు చాలావరకు ఎగిరిపోతుంది. చవక ఎయిర్ పంపు రెసిన్ ఆయుష్షుని ఎంత పెంచుతుందో వాడి చూస్తే మీకే తెలుస్తుంది. ఇంకో అలవాటు కూడా చేసుకోండి. ఆర్వో ఆన్ చేసిన మొదటి రెండు నిమిషాల నీళ్ళు పారబోయండి. ఆపి ఉంచినప్పుడు మెంబ్రేన్ రెండు వైపులా లవణాలు సర్దుకుంటాయి, అందుకే మొదట వచ్చే నీళ్ళలో అంకె రెండింతలు, మూడింతలు ఉంటుంది.

చివర్లో మీటరు సున్నా చూపించాలి. రెండు చూపించడం మొదలుపెడితే రెసిన్ మార్చేయండి, ఐదు దాకా చూద్దాం అనుకోకండి. రెసిన్ అలిసిపోయేటప్పుడు ముందుగా చేయి జారేది బలహీనంగా పట్టుకున్న సిలికా. సిలికా మామూలు నీళ్ళలో విద్యుదావేశం లేకుండా ఉంటుంది కాబట్టి మీటరుకి అది అసలు కనపడదు. గాజు మీద గోధుమరంగు పొర కట్టే డయాటమ్‌లకి కావలసింది అదే. ఆర్వో వదిలే నీళ్ళ సంగతి కూడా చూసుకోండి. బకెట్ మంచి నీళ్ళకి రెండు మూడు బకెట్లు వదులుతుంది. మా ఇంట్లో అవి ఇల్లు తుడవడానికీ, బాత్రూముకీ పోతాయి. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్ళో వాటిని డ్రైనేజీలో కలపడానికి నాకు మనసొప్పదు. మొక్కలకి మాత్రం పోయకండి, లవణాలు మరీ ఎక్కువ.

ఇక సముద్రపు నీళ్ళు. వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి ఇది మంచి దారే, కాకపోతే కాలం చూసుకోవాలి. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది వానాకాలంలో తెచ్చి పోసే మంచినీళ్ళు సముద్రంలో వెంటనే కలిసిపోవు. తీరాన్ని ఆనుకుని 100 కిలోమీటర్ల వెడల్పున ఒక పట్టీలాగా దక్షిణానికి పారతాయి. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు మత్స్యకారులు పట్టి ఇచ్చిన నీళ్ళ సీసాలని పరీక్షించి 2014లో ఈ సంగతి ప్రచురించారు, దీనికి ‘సముద్రంలో నది’ అని పేరే పెట్టారు. నేను ఏప్రిల్‌లో పట్టిన నీళ్ళు 34 పీపీటీ (కిలో నీళ్ళలో 34 గ్రాముల ఉప్పు) ఉండేవి, నవంబరులో అదే చోట పట్టినవి 26 ఉన్నాయి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ పాడైందనుకుని రెండుసార్లు కడిగి చూశాను. పగడాలకి 35 కావాలి. కాబట్టి ఫిబ్రవరి నుంచి మే లోపు పట్టిన నీళ్ళే నమ్మదగినవి. అవైనా ఆర్కే బీచ్ ఒడ్డున బకెట్ ముంచి పట్టినవి వద్దు, ఊరి మురుగూ రేవు నూనే అటే చేరతాయి. తెలిసిన పడవవాళ్ళని బతిమాలి నాలుగైదు కిలోమీటర్లు లోపల, గాలీవానా లేని రోజుల్లో పట్టించుకునేవాణ్ణి. తెచ్చాక మూత పెట్టి చీకట్లో మూడు వారాలు ఉంచి, అడుగున మడ్డి కదలకుండా పైనీళ్ళు తీసుకునేవాణ్ణి. భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో ఎవరైనా తెలిసినవాళ్ళుంటే ఇంత శ్రమ కూడా లేదు. వాళ్ళు ఇసుక ఫిల్టరు వేసి, క్లోరిన్ పెట్టి, ఆ క్లోరిన్‌ని థయోసల్ఫేట్‌తో విరిచిన నీళ్ళు నిలవ ఉంచుతారు. మందులేవీ కలపకముందు తొట్టిలోవి ఇమ్మని అడగాలి. వెళ్ళిన వాళ్ళు ఒడ్డున దొరికిందని పగడపు రాయి మాత్రం తేవొద్దు. మన రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చట్టం లేకపోయినా ఆ పని చేయకూడదు.

మీకు మాత్రం ఇది 600 కిలోమీటర్ల దూరం. ఒక్క 20 లీటర్ల క్యాను 20 కిలోల పైనే బరువు. నెలకి మీకు కావలసిన 50 లీటర్ల ఉప్పునీళ్ళకి పట్టే ఉప్పు రెండు కిలోల లోపే. రెండు కిలోల సరుకు కోసం 50 కిలోల నీళ్ళు మోయించడం ఎందుకు?

కళ్ళుప్పు ఎందుకు పనికిరాదో శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మళ్ళలో నిలబడి చూస్తే బాగా అర్థమవుతుంది. సముద్రపు నీరు ఎండుతున్నప్పుడు ముందు సున్నపు పదార్థం, జిప్సం అడుగు పడతాయి. ఆ నీళ్ళని ఇంకో మడిలోకి వదిలితే అక్కడ ఉప్పు గళ్ళు కడుతుంది. చివరికి మిగిలే చిక్కటి చేదు నీళ్ళని వదిలేస్తారు, మెగ్నీషియం, పొటాషియం ఎక్కువగా పోయేది ఆ నీళ్ళతోనే. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పదనం కన్నా చేదు ముందు తగులుతుంది. ఉప్పు ఎంత శుభ్రంగా వస్తే సముద్రం నుంచి అంత దూరం జరిగినట్టు. అసలు సముద్రపు నీళ్ళలో కాల్షియం సుమారు 410, మెగ్నీషియం 1,290, పొటాషియం 400 పీపీఎం (కిలో నీళ్ళలో మిల్లీగ్రాములు) ఉంటాయి. పగడం వాటితోనే బతుకుతుంది. కళ్ళుప్పు నీళ్ళలో అవి చాలా తక్కువ. అక్వేరియం షాపుల్లో అక్వేరియం ఉప్పు అని అమ్మే ప్యాకెట్లు కూడా మంచినీటి చేపల కోసమే, మెరైన్ సాల్ట్ వేరు.

మెరైన్ సాల్ట్‌లో ఖరీదైనది కొననక్కర్లేదు. ఆల్కలినిటీ (నీళ్ళలో కార్బొనేట్ లాంటి క్షారాల మోతాదు, డీకేహెచ్ దాని కొలత) 11, 12 డీకేహెచ్ అని గొప్పగా రాసి ఉన్న రకాలు వేగంగా పెరిగే రాతి పగడాలకి. సహజ సముద్రంలో ఉండేదే 7. మీరు పెట్టబోయే జొవాంతిడ్ అనే మెత్తటి రకాలకి, పుట్టగొడుగు పగడాలకి 8 ఉన్న మామూలు మెరైన్ సాల్ట్ చాలు. పెద్ద డబ్బా తీసుకుని ఇద్దరు ముగ్గురు పంచుకుంటే బాగా తగ్గుతుంది. పంచేముందు డబ్బాని నేల మీద అటూ ఇటూ పొర్లించండి, సన్నటి పొడి అడుక్కి చేరి ఉంటుంది. వానాకాలంలో మూత గట్టిగా లేకపోతే రాయిలా కట్టుకుపోతుంది. ఆల్కలినిటీ కొంచెం తగ్గితే ఖరీదైన సీసాలు కొనకండి. చెంచా వంటసోడా, అంటే 6 గ్రాములు, 100 లీటర్లలో 2 డీకేహెచ్ పెంచుతుంది. ఒకేసారి వేయకుండా రెండు రోజుల్లో వేయాలి. వంటసోడా వేరు, బేకింగ్ పౌడర్ వేరు. ప్యాకెట్ మీద సోడియం బైకార్బొనేట్ ఒక్కటే రాసి ఉండాలి.

కలపడానికి ఇంతకుముందు రసాయనాలు నింపని ఆహారపు రకం ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకోండి. ముందు నీళ్ళు నింపి, చిన్న పంపు తిరుగుతుండగా ఉప్పు కొంచెం కొంచెంగా చల్లండి. ముందు ఉప్పు వేసి దాని మీద నీళ్ళు పోస్తే అడుగున చిక్కదనం పెరిగి కాల్షియం సున్నంగా విరిగిపోతుంది. పాలలా తెల్లబడిందంటే ఆ విరిగినది మళ్ళీ కరగదు. లీటరుకి 37 గ్రాముల దగ్గర మొదలుపెట్టి, ఒక రోజు తిరగనిచ్చి, అప్పుడు కొలిచి సరిచేయండి. ఎండాకాలం డాబా మీద ట్యాంకు నీళ్ళు కాలిపోతుంటాయి, కలిపిన నీళ్ళు 26 డిగ్రీలకి వచ్చాకే ట్యాంకులో పోయాలి.

కొలవడానికి తేలే గాజు హైడ్రోమీటర్ కన్నా చవక రిఫ్రాక్టోమీటరే నయం, దాన్ని సరిచేసుకునే పద్ధతి తెలిస్తే. శుద్ధ నీళ్ళతో సున్నా దగ్గర సరిచేస్తే 35 దగ్గర సరిగా ఉందని కాదు. చవక రకాల్లో గీతలు వంటింటి ఉప్పు ద్రావణానికి గీసినవి, సముద్రపు నీళ్ళకి కావు. దాంతో ఒకటిన్నర పీపీటీ తేడా వస్తుంది. అయొడిన్ కలపని శుద్ధమైన సోడియం క్లోరైడ్ 36.5 గ్రాములు, మీ డీఐ నీళ్ళు 963.5 గ్రాములు వంటింటి డిజిటల్ కాటా మీద తూచి కలపండి. ఆ ద్రావణం కాంతిని వంచే తీరు సరిగ్గా 35 పీపీటీ సముద్రపు నీళ్ళలాగే ఉంటుంది. రెండు చుక్కలు గాజు మీద వేసి, అర నిమిషం ఆగి, నీలం గీత 35 మీదికి వచ్చేదాకా స్క్రూ తిప్పండి. మిగిలింది సీసాలో బిగించి పెట్టుకుంటే నెలకోసారి సరిచూసుకోవడానికి ఏడాది వస్తుంది. కళ్ళుప్పు ట్యాంకుకి పనికిరాదు కానీ శుద్ధమైన ఉప్పుకి రీఫ్‌లో ఉన్న పని ఇదొక్కటి.

ఆవిరైన నీళ్ళ చోట ఎప్పుడూ ఉప్పు లేని డీఐ నీళ్ళే పోయండి. గాజు మీద స్కెచ్ పెన్నుతో గీత గీసుకుని రోజూ ఒకే వేళకి నింపితే చాలు. ఉప్పు 34 ఉన్నా 35 ఉన్నా పగడం సర్దుకుంటుంది, సోమవారం 33, శుక్రవారం 37 అయితే సర్దుకోలేదు.

ముందు ఈ వారం ఆర్వో మూత తీసి, మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చే నీళ్ళు కొలవండి. మిషన్ ఐదు నిమిషాలు నడిచాక కొలవాలి. 50 లోపు వస్తే మెంబ్రేన్ బాగుంది, రెసిన్ కొనుక్కోవచ్చు. 80 దాటితే రెసిన్ కన్నా ముందు మెంబ్రేన్ మార్చండి. ఆ అంకె, మిషన్ లోపలి ఫోటో ఒకటీ పెడితే టీ-జాయింటు ఎక్కడ వేయించాలో గుర్తు పెట్టి చూపిస్తాను.